నూతిలో కుంకుమ

మా నాన్నకు తెలిసిన విదేశం ఒక్కటే, రోము. అందులోనూ ఒక్క భవనం. బడులు ఇంకా మిషన్ వాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో ఆయనకు చరిత్ర చెప్పిన పాదిరీ ఒక పటం చూపించాడట. గుండ్రటి గోడ, పైన పెద్ద గుమ్మటం, గుమ్మటం నడినెత్తిన తెరిచి వదిలేసిన బెజ్జం. వానొస్తే నేల తడుస్తుందట. గొడుగులు బాగుచేసుకుని బతికే మనిషికి ఆ బెజ్జం అంత ఎందుకు నచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"అది దేవుళ్ళందరికీ కలిపి కట్టిన కోవెలమ్మా," అని చెప్పేవాడు. "తరవాత రాజులు మతం మార్సేసినారు. ఊళ్ళో మిగతా కోవెలల్ని రాళ్ళకోసం పీకేసినారు. దీన్ని మాత్రం రాజు పెద్ద పాదిరీకి ఇచ్చేసినాడు. పాత దేవుళ్ళు ఎల్లిపోనారు, మేరీమాత వచ్చింది. అందుకే ఇప్పటికీ నిలబడుంది. మారింది కాబట్టి మిగిలింది. తెలిసిందా?"

తెలిసిందని తల ఊపేదాన్ని. ఊపకపోతే మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకునేవాడు.

మాకూ ఒక గుమ్మటం ఉండేది. రంగూన్లో లత పేట దాటి రేవు గోదాముల వైపు మళ్ళే సందులో, మేముండే మేడను ఆనుకునే ఉండేది. విశాఖపట్నం నుంచి వచ్చి బియ్యం వ్యాపారం చేసిన షావుకారొకాయన దాన్ని రాముడికి కట్టించాడు. గోపురం కట్టడం తెలిసిన పనివాళ్ళు దొరకలేదో, మేస్త్రీకి మసీదులు కట్టడమే అలవాటో గానీ రాముడి నెత్తిన గుమ్మటం వచ్చి కూర్చుంది. షావుకారు అలిగాడట. రాముడు మాత్రం అలగలేదు. రేవులో మూటలు మోసే మనవాళ్ళు శనివారాలు అక్కడ భజన చేస్తుంటే పాడినదానికి రెండింతలు తిరిగి వినబడేదని నాన్న మురిసిపోయేవాడు.

తరవాత సైన్యం గద్దెనెక్కింది. కొట్లన్నీ సర్కారు పరమయ్యాయి. మనవాళ్ళు ఓడలకొద్దీ వెళ్ళిపోయారు. షావుకారు కూడా ఓడెక్కుతూ తాళంచెవి మా నాన్న చేతిలో పెట్టి, గాలి మారగానే వస్తానన్నాడట. ఆ గాలి నేను పుట్టిన తరవాత కూడా మారలేదు. దేశం తలుపులేసుకుని కూర్చుంది. బయటినుంచి ఉత్తరం రావడమే గగనం, వచ్చినదాన్నీ ముందు ఎవరో విప్పి చదివేవారు.

ఖాళీ భవనం కదా, సహకార దుకాణం పెట్టుకుంటామని పేట పెద్దలు వచ్చి గోడలు కొలుచుకుపోయిన రోజున నాన్నకు రోము గుర్తొచ్చింది. వారం తిరక్కుండా తెలిసిన బర్మా మిత్రుడి ఇంటినుంచి పాలరాతి బుద్ధుణ్ణి తెచ్చి గుమ్మటం కింద ప్రతిష్ఠించాడు. పాత గొడుగుల నల్లగుడ్డ ముక్కలన్నీ కలిపి కుట్టి పెద్ద తెర చేసి ఆయన వీపు వెనక వేలాడదీశాడు. ఆ తెర వెనక రాముడి పట్టాభిషేకం పటం, మూరెడు ఇత్తడి హనుమంతుడు, దీపపు సెమ్మె, కుంకుమ భరిణ. ఉపవాసం రోజుల్లో పేట వాళ్ళు వచ్చి ముందు కూర్చుని ధర్మోపదేశం వినడం మొదలుపెట్టారు. రామకోవెల ధమ్మాయోన్ అయింది, అంటే ధర్మం వినే చావిడి. సహకార దుకాణం వేరే చోట పెట్టుకున్నారు.

మా అమ్మ వాళ్ళమ్మ బర్మా ఆవిడ. అందుకని అమ్మకు ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు. ముందువైపు మూడుసార్లు నేలకు నుదురు ఆనించి మొక్కేది, తెర ఎత్తి వెనకవైపు ఒక దండం పెట్టేది, వంటకు పోయేది. ఇబ్బందంతా నాన్నదే. బుద్ధుడి వెనక రాముణ్ణి దాచిన సంగతి బయటపడితే భవనం పోతుందని, దానితోపాటు మనమూ పోతామని ఆయన భయం. సందులో పాతవాళ్ళు చచ్చినవాళ్ళు చచ్చి, వెళ్ళినవాళ్ళు వెళ్ళి, కొత్తగా చేరినవాళ్ళకు అది మొదటినుంచీ బౌద్ధులదేనన్న నమ్మకం కుదిరింది. ఆ నమ్మకాన్ని కాపాడటం మా ఇంట్లో రెండో పూజ.

నాకు ఆరేళ్ళప్పటినుంచీ పాఠం మొదలైంది. బడిలో నా పేరు బర్మా పేరు, మతం గడిలో బౌద్ధం. సాయంత్రం బడినుంచి రాగానే నాన్న గొడుగు ఊచలు పక్కన పెట్టి, సర్కారు మనిషిలా గొంతు మార్చి బర్మాలో అడిగేవాడు.

"ఆ తెర వెనక ఏముంది?"

"పాత చాపలు."

"మీరెవరు?"

"బౌద్ధులం."

"మీ ఇంట్లో వేరే పూజలేమన్నా చేస్తారా?"

"చెయ్యం. మాకు అలాంటివి తెలియవు."

ఎక్కడా తడుముకోకుండా చెబితే గడ్డం ఒక్కసారి కిందికి దించి ఎత్తేవాడు. ఆయన మెచ్చుకోలు అంతే. తడుముకుంటే మళ్ళీ మొదలు. ఎక్కాలు మరిచిపోయాను గానీ ఆ మూడు జవాబులు ఇప్పటికీ నోటికొచ్చు. ఒకసారి ఉక్రోషమొచ్చి, రాముడంటే ఇంత బయమెందుకు నాన్నా అని అడిగాను. "రాముడంటే కాదే. మనుసులంటే," అన్నాడు.

పాఠంతో తీరనిది ఒకటుండేది. దేవుడి మీదినుంచి తీసిన పూలు, కుంకుమ, అక్షింతలు కాలికింద పడకూడదు. చెత్తలో వెయ్యకూడదు, కాల్చకూడదు. నీళ్ళలో కలపాలి. నాన్న వాటన్నిటినీ పాలపొడి డబ్బాలో పోగుచేసి, ప్రతి అమావాస్యకూ భుజానికి సంచీ తగిలించుకుని నది అవతల దలా వెళ్ళే పడవ ఎక్కేవాడు. నది నడిమధ్యకు రాగానే సంచీ దులుపుకుంటున్నట్టు నటించి డబ్బా బోర్లించేవాడు. దలాలో దిగి ఒక చేప కొనుక్కుని తిరిగొచ్చేవాడు. అంత దూరం ఒక్క చేప కోసం వచ్చే ఈ మనిషి గురించి పడవవాళ్ళు ఏమనుకునేవారో.

ఎనభై ఎనిమిది వానాకాలంలో నాకు పదమూడేళ్ళు. విద్యార్థులు రోడ్డెక్కడం, కాల్పులు, మళ్ళీ ఇంకా ఎక్కువమంది రోడ్డెక్కడం అయ్యాయి. ఆగస్టు నెలాఖరుకు సర్కారన్నదే కనబడకుండా పోయింది. ఆఫీసులు మూత, పోలీసులు మాయం. మొదటి రెండు రోజులూ పండగలా అనిపించింది. మూడో రోజునుంచీ భయం పట్టుకుంది. సందు మొగల్లో వెదురు బొంగులతో తడికె గేట్లు కట్టారు. కత్తులూ బరిసెలూ పట్టుకుని మగవాళ్ళు వంతులవారీగా కాపలా కాశారు. మా సందుకు పెత్తనం మూలమీద టీ కొట్టాయనది. మాకు ఆయన ఊలే, అంటే బాబాయి. తగువులొస్తే తీర్పు చెప్పడానికి ఎన్నో ఏళ్ళుగా మా చావిడికి వచ్చి ధర్మం చెప్పే ముసలి భిక్షువును తెచ్చి కూర్చోబెట్టారు. అందరూ ఆయన్ని సయాడో అంటారు. ఒక కంటికి పొర వచ్చింది. వాళ్ళందరి మకాం మా గుమ్మటం కిందే. బరిసెలు తెచ్చి మా నల్ల తెరకే ఆనించి పెట్టేవారు.

అమ్మ అప్పటికి పడవ దాటి వెళ్ళాల్సిన తన్లిన్లో ఉంది. చెల్లెలి పురిటికి వెళ్ళి, పడవలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయింది. ఇంట్లో నేను, నాన్న.

ఆ రోజుల్లో మనిషిని మనిషి చూసే చూపే మారిపోయింది. నీళ్ళలో విషం కలపడానికి ఎవరినో పంపిస్తున్నారని పుకారు. ఎవరు పంపుతున్నారో, ఎవరిని పంపుతున్నారో ఎవరికీ తెలియదు. తెలియనివాణ్ణి చూస్తే మాత్రం తెలిసిపోయేది. పక్క పేటలో ఒకడి సంచీలో ఏదో పొడి దొరికిందట. మధ్యాహ్నం విచారణ మొదలుపెట్టారు, టీ వేళకల్లా అయిపోయింది. అక్కడి వెదురు గేటు మీద ఏం పెట్టారో చూసి వచ్చినవాళ్ళు ఆ రోజు అన్నం ముట్టలేదు. పైగా మాది నల్లటి ఒళ్ళు, కలా మొహాలు, అంటే ఇండియా వాళ్ళ మొహాలు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, కలా అన్న మాట మామూలు రోజుల్లో వెటకారం, అలాంటి రోజుల్లో నేరం.

కుళాయిలు ఎండిపోయాయి. రంగూన్ నడిబొడ్డున నుయ్యి ఎక్కడిదంటారేమో, చావిడి వెనక ఒకటుంది, భజన చేసేవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి షావుకారు తవ్వించాడు. సందంతటికీ ఇప్పుడు అవే నీళ్ళు.

పడవల్లేవు గనక నాన్న డబ్బా నిండిపోయింది. రెండు నెలల పూలు, కుంకుమ కలిసి మాగి వాసన వేస్తున్నాయి. తెరకు అవతలే బరిసెలవాళ్ళు కూర్చుంటారు. మేడ మీద మాకున్నది ఒక్క గది, పాతిపెట్టడానికి జానెడు మట్టి లేదు. నాన్నకు రెండు రోజులు తిండి సయించలేదు.

"నూతిలో కలిపేస్తాను," అన్నాడు మూడోనాడు పొద్దున్న.

"ఎవులైనా సూస్తే?" అన్నాను.

"అన్నాలయేల ఎవులూ ఉండరు. గంగమ్మకి బొట్టెట్టినట్టే గదే. ఈపాటికి మీ పిన్నిసేత మీ అమ్మ తన్లిన్లో అదే సేయిస్తుంటాది."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మనలో బాలింత పురిటి స్నానం చేశాక మొదట మొక్కేది నూతికే. గట్టుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ఇంత కుంకుమ నీళ్ళలో వదిలి, బిడ్డ తల్లికి పాలు ఊరినట్టు నీళ్ళు ఊరాలని దండం పెట్టుకుంటుంది. నూతిలో కుంకుమ వెయ్యడమంటే దాన్ని గౌరవించడం. ఆ ఆలోచన తప్పని నాకూ తోచలేదు. విషమన్న మాట చెవుల్లో పొద్దస్తమానం మోగుతున్నా, కుంకుమను ఆ మాట పక్కన పెట్టి చూడటం మా ఇద్దరికీ చేతకాలేదు. మనకు అంత పరిచయమైనది ఎదుటివాడికి ఎలా కనిపిస్తుందో మనకు ఎలా తెలుస్తుంది?

అన్నాల వేళకు డబ్బాను తువ్వాలు కింద పెట్టుకుని దిగాడు. నేను బియ్యం కడుగుతున్నాను. ఎసరు మరగకముందే కింద ఒక ఆడమనిషి కేక వినబడింది. విషం, విషం అని బర్మాలో. ఆ వెనకే రేకు డబ్బా రాళ్ళ మీద పడిన చప్పుడు. తరవాత చాలామంది పరిగెత్తే చప్పుడు.

నేను దిగేసరికి నూతి గట్టు చుట్టూ యాభైమంది ఉన్నారు. బకెట్టులో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాన్న వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరో ఆయన తువ్వాలుతోనే ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఆయన పెదవి చిట్లింది. నన్ను చూసి, పైకి పో అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. నేను పోలేదు.

అందరూ ఆయన్ని గుమ్మటం కిందికి లాక్కుపోయారు. సయాడో బుద్ధుడి పక్క చాప మీద కూర్చుని ఉన్నాడు. అందరూ ఒక్కసారి అరుస్తుంటే గుమ్మటం ఆ అరుపుల్ని రెండింతలు చేసి మా మీద కుమ్మరించింది. భజనలకు మురిసిపోయిన నాన్న అది ఎలా విన్నాడో.

"అది పూజ కుంకుమ, ఆకో. విషం కాదు," అని నాన్న టీ కొట్టాయనతో బర్మాలో మొత్తుకుంటున్నాడు. ఆకో అంటే అన్నా అని.

"ఏ పూజ?" అన్నాడు టీ కొట్టాయన. "ఇరవై ఏళ్ళుగా నువ్వు బౌద్ధుడివేగా? ఈ చావిడికి తాళాలు తీసేవాడివి నువ్వేగా? ఈ చావిట్లో ఎర్రపొడి పూజ ఎవడు చేశాడు, ఎప్పుడు చేశాడు?"

తెర వైపు చూడకుండా ఉండటానికి నాన్న పడుతున్న అవస్థ నాకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడైనా చెప్పేస్తాడనుకున్నాను. ఇరవై ఏళ్ళు మూసిన నోరు ప్రాణం మీదికొచ్చినా తెరుచుకోలేదు. భవనం పోతుందని చూశాడో, వెనక ఉన్న నన్ను చూశాడో.

"పిల్లను అడగండి. పిల్లలు అబద్ధం ఆడరు," అని ఒక ఆడమనిషి అంది.

నన్ను ముందుకు తోశారు. టీ కొట్టాయన నా ఎత్తుకు వంగి, పర్వాలేదు చెప్పమ్మా అన్నట్టు మెత్తగా అడిగాడు. ఆయన చేతిలో కత్తి ఉంది. ఆ కత్తితోనే రోజూ పాలడబ్బాలకు బెజ్జాలు పెట్టేవాడు.

"మీ ఇంట్లో ఎర్రపొడితో పూజలేమన్నా చేస్తారా?"

నేనేం చెప్పాలో నాకు తెలుసు. కుంకుమ అని చెప్పాలి. మా అమ్మ నుదుటిన ఇంట్లో ఉన్నంతసేపూ ఉండి, గుమ్మం దాటేముందు తుడుచుకునేది అదేనని చెప్పాలి. కానీ ఆ ప్రశ్న బర్మాలో ఇంచుమించు అవే మాటల్లో నా చెవిన పడగానే ఏడేళ్ళ పాఠం దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"చెయ్యం. మాకు అలాంటివి తెలియవు. మేం బౌద్ధులం."

తడుముకోలేదు. ఒక్క అక్షరం తొట్రుపడలేదు.

నాన్న వైపు చూశాను. చేతులు వెనక్కి కట్టి, పెదవినుంచి రక్తం కారుతూ ఉన్న ఆ మనిషి గడ్డం ఒక్కసారి కిందికి దించి ఎత్తాడు. అలవాటు కొద్దీ ఎత్తాడో, తెలిసే ఎత్తాడో ఆ తరవాత ఆయన్ని అడిగే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

"విన్నారుగా," అన్నాడు టీ కొట్టాయన, నిటారుగా నిలబడుతూ.

జనం మళ్ళీ అరిచారు. ఈసారి గేటు, గేటు అన్న మాటలు వినబడ్డాయి. ఇద్దరు మనుషులు నాన్నను రెక్కలు పట్టి లేపారు. అప్పుడు నేను బుద్ధుడి పక్కనుంచి పరిగెత్తి తెర పట్టుకుని లాగాను. గొడుగుగుడ్డ గట్టిది, రాలేదు. రెండు చేతులతో వేలాడాను. పైన తాడు తెగి తెరంతా నా నెత్తిన పడింది. బరిసెలు పెళపెళమంటూ నేల కూలాయి.

గుడ్డలోంచి బయటపడి చూస్తే గుమ్మటం కింద చడీచప్పుడూ లేదు. అందరూ పట్టాభిషేకం పటం వైపు చూస్తున్నారు. నా వెనక రాముడు, నా ముందు బుద్ధుడి వీపు, ఆ అవతల ఇంతమంది మొహాలు.

"అబద్ధం చెప్పాను," అన్నాను. "చేస్తాం. రోజూ చేస్తాం. అది ఇదే."

భరిణ మూత తీసి చూపించాలనుకున్నాను. కంగారులో చేతికి దొరికింది పక్కనున్న హనుమంతుడి సింధూరం గిన్నె. విషం కాదని చూపించడానికి పిడికెడు తీసి నోటి దగ్గరికి తీసుకుపోయాను.

"అది కాదే! అది తినకూడదే!" అని నాన్న తెలుగులో గావుకేక పెట్టాడు.

సింధూరం రంగుపొడి. ఒంటికి రాస్తారు, నోట్లో వెయ్యరు. ఆ తేడా మాకు తెలుసు. అక్కడున్నవాళ్ళకు ఒక్కటే తెలిసింది, పిల్ల తినబోతే తండ్రి కేక వేశాడు. తెలుగు రానివాళ్ళకు కూడా ఆ కేక బాగా అర్థమైంది. సద్దుమణిగిన అరుపులు మళ్ళీ లేచాయి. కాపాడబోయి నేనే ఆయన్ని ఇంకా లోతుకు తోశాను.

అప్పటిదాకా నోరెత్తని సయాడో చెయ్యెత్తాడు.

"నూతిలో వేసినది ఏది?"

నాన్న గడ్డంతో భరిణ వైపు చూపించాడు. "అది, పసుపు, పూలు. ఈ సింధూరం వెయ్యలేదు, సయాడో. బిడ్డ మీద ఒట్టు."

"అయితే ఆ బకెట్టు తెండి. వేసినవాడు తాగుతాడు. ఇక్కడే కూర్చుంటాడు. అదిగో, ఆ ఎండ గుమ్మం దాటేదాకా చూద్దాం."

బకెట్టు తెచ్చారు. చేతులు కట్టి ఉన్నాయి గనక టీ కొట్టాయనే చెంబుతో నాన్న నోట్లో పోశాడు. ఒకటి, రెండు, మూడు. పూలరేకులు ఆయన గడ్డానికి అంటుకున్నాయి. నాలుగో చెంబు ముంచుతుంటే నేను లాక్కుని తాగాను. ఎవరూ తాగమనలేదు. ఆపనూ లేదు.

ఆ నీళ్ళ రుచి చెప్పలేను. మాగిన బంతిపూల కంపు, ఇనుప బకెట్టు వగరు. తాగిన పావుగంటకు నాకు వికారం మొదలైంది. విషం వల్ల కాదు, భయం వల్ల. కానీ నేను కక్కితే నాన్న చచ్చిపోతాడు. అంతకంటే సరళమైన లెక్క నాకు జీవితంలో మళ్ళీ ఎదురుకాలేదు. పళ్ళు బిగించి కూర్చున్నాను. నోట్లోకి వచ్చినదాన్ని రెండుసార్లు మింగాను. నాన్నకు దగ్గొచ్చింది. యాభైమందీ ముందుకు వంగారు. ఆయన దగ్గు ఆపుకోబోయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎండ నేల మీద చీమలా పాకుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. కదలదే! రామా అనుకున్నాను, బుద్ధుడా అనుకున్నాను, ఆ రోము కోవెలలో ఎవరున్నారో వాళ్ళనీ తలుచుకున్నాను.

నాన్న మీద అప్పుడు కోపం కూడా వచ్చింది. చావుకు ఎదురుగా కూర్చుని తండ్రి మీద కోపగించుకుంటారా అంటే, నేను కోపగించుకున్నాను. రోము కథను లక్షసార్లు చెప్పాడు గదా, దేవుడు మారిన రోజున ఆ పాత దేవుళ్ళకు దీపం పెట్టేవాళ్ళు ఏమయ్యారో ఒక్కసారైనా చెప్పాడా? వాళ్ళు పిల్లలకు ఏమని నేర్పారు? పాత దండల్ని ఏ నీళ్ళలో పారేశారు? గోడలూ గుమ్మటమూ మిగిలాయని సంబరమే గానీ మనుషుల మాట ఆయనకు పాదిరీ చెప్పలేదు, ఆయన నాకు చెప్పలేదు.

ఎండ గుమ్మం దాటింది. సయాడో లేచి వచ్చి నాన్న నాలుక చూశాడు, నా నాలుక చూశాడు. రెండూ ఎర్రగానే ఉన్నాయి, అంతకుమించి ఏమీ లేదు.

"కట్లు విప్పండి," అన్నాడు. తరవాత రాముడి పటం ముందు కాసేపు నిలబడి, "ఇన్నాళ్ళూ వీళ్ళందరూ కూడా నా ఉపదేశాలు విన్నారన్నమాట," అన్నాడు.

ఒకరిద్దరు నవ్వారు. నవ్వితే ప్రాణాలు నిలుస్తాయని నాకు ఆ రోజే తెలిసింది. జనం పలచబడ్డాక ఆయన నాన్న పక్కన వంగి, చాలా మెల్లగా, "ఆ తెర వెనకనుంచి కర్పూరం వాసన నాకు ఎప్పటినుంచో వస్తూనే ఉంది," అన్నాడు.

తెలిసి కూడా అంతసేపూ నోరెందుకు మెదపలేదని నేను ఆయన మొహం మీదే అడిగాను. నాన్న నా చెయ్యి నొక్కాడు. సయాడో నా వైపు పొర కమ్మిన కన్ను తిప్పి, "నాకూ భయమే అమ్మాయీ," అన్నాడు. అంత పెద్దాయన్ని కొట్టాలనిపించడం అదే మొదలు, అదే ఆఖరు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే కోపం రాదు. ఆ గుమ్మటం కింద ఆ రోజు తన భయం సంగతి నిజం చెప్పింది ఆయనొక్కడే.

ఎవరూ క్షమించమని అడగలేదు. టీ కొట్టాయన కత్తితో తువ్వాలు ముడి కోసి, తెగిన తువ్వాలును మడతపెట్టి నాన్న చేతికిచ్చాడు. పడిపోయిన తెరను ఎవరూ మళ్ళీ కట్టలేదు. రాముణ్ణి ఏం చెయ్యాలో కూడా ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం నాన్న పటాన్నీ హనుమంతుణ్ణీ మేడ మీద గదికి మోసుకొచ్చి బియ్యం డబ్బా మీద పెట్టాడు. కింద బుద్ధుడొక్కడే మిగిలాడు. చావిడి చావిడిగానే ఉంది, ఇప్పటికీ ఉంది.

నాతో ఆ జవాబు గురించి నాన్న ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తిట్టినా, కొట్టినా బాగుండేది. కంచంలో అన్నం పెట్టి, "తిను తల్లీ," అన్నాడు. అంతే.

మర్నాడు పొద్దున్న కింద బిందెల చప్పుడు లేదు. కిటికీలోంచి చూస్తే నూతి చుట్టూ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. ఎవరూ చేద వెయ్యట్లేదు. టీ కొట్టాయన మెట్లెక్కి వచ్చి, కాస్త తలొంచుకునే, "ముందు నువ్వొకసారి తాగితే వాళ్ళకు ధైర్యంగా ఉంటుంది," అన్నాడు.

నాన్న దిగి వెళ్ళి తాగాడు. అందరూ చూశారు. వంద అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి అప్పుడు నీళ్ళు తోడుకున్నారు. రెండో రోజూ అంతే. విషం వెయ్యలేదని వదిలేశారు గానీ, ఇకముందు వెయ్యడని నమ్మలేదు. రోజుకొకసారి తన నూతి దగ్గర తనే దొంగలా నిలబడి, గొంతు కదలడం అందరికీ కనబడేలా తలెత్తి తాగేవాడు మా నాన్న.

మూడో రోజు నేను ఆయనకంటే ముందే దిగి గట్టెక్కి చేద లాగాను. ఎవరైనా నిజంగానే రాత్రి ఏదన్నా కలిపి ఉంటే? ఆ ఆలోచన నన్ను నిద్రపోనివ్వలేదు. చెంబు ముంచి నోటి దగ్గర పెట్టుకున్నాను. నాన్న పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వెందుకే? నీకేటి పని?"

"దాహమేస్తంది నాన్నా," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. అబద్ధమని తెలిసింది. ఈసారి గడ్డం ఊపలేదు. చెయ్యి వదిలేశాడు. ఆడవాళ్ళంతా చూస్తుండగా సగం చెంబు తాగాను. మా నాన్న కన్నకూతురిదైనా సరే ఎంగిలి ముట్టే మనిషి కాదు, నేను తాగిన గ్లాసు బూడిదేసి తోమితే గానీ తాకడు. ఆ పూట నా చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. కడగలేదు. నేను పెదవులు ఆనించిన వైపు తిప్పుకుని, మిగిలిన నీళ్ళు గటగటా తాగేశాడు.